సున్నా నుంచి పది దాకా

నొప్పికి ఒక అంకె చెప్పమంది ఊల్ఫ్‌హిల్దుర్,
సున్నా నుంచి పది దాకా ఏదైనా.
ఏడు, అన్నాను.
ఏడంటే ఏమిటో చెప్పలేదు:
మేజోళ్లు తొడుక్కోవడానికి మంచం అంచున
అరగంట కూర్చోవడం,
కింద పడ్డ చెంచాను అక్కడే వదిలేసి
సొరుగులోంచి ఇంకోటి తీసుకోవడం.

ఇరవయ్యేడేళ్లు చేపల ఫ్యాక్టరీలో నిలబడ్డాను.
కాడ్ చేప వెన్ను నుంచి కండ వేరుచేయడం నా పని.
ఎన్ని వెన్నెముకలు నా చేతుల్లోంచి జారిపోయాయో,
ఒక్కటీ నన్ను శపించలేదనే అనుకున్నాను.
నడుం బిగించమనేవాళ్లు అప్పట్లో.
ఇప్పుడది దానంతటదే బిగుసుకుంది,
విప్పడమే ఎవరికీ తెలియడం లేదు.

మా ఊరు కొండల మధ్య, గిన్నె అడుగున అంటుకున్నట్టుంటుంది.
నవంబరు చివర సూర్యుడు అంచు దిగిపోతే
మళ్లీ జనవరి నెలాఖరుకే.
ఐస్‌లాండ్‌లో ఇదేం వింత కాదు. మా ఊళ్లో అసలు కాదు.

పన్నెండు వారాల పరిశోధనట, నన్నూ చేర్చుకున్నారు.
వారానికి మూడుసార్లు వేడినీళ్ల కొలనులో వ్యాయామం,
రోజూ నాలుక మీద అయిదు చుక్కలు.
సీసాలో విటమిన్ డి ఉండొచ్చు,
ఉత్త నూనే కావచ్చు. ఇచ్చేవాళ్లకీ తెలియదట.
మరెవరికి తెలుసు?
రెయిక్యావిక్‌లో ఒక కంప్యూటర్‌కి.
"దేవుడికంటే కాస్త దగ్గరే," అంది బోజెనా.

పొద్దున్న ఏడింటికి, పొద్దు లేని పొద్దున్న,
ఆవిరిలో తలలు మాత్రమే తేలుతుంటాయి.
తడి జుట్టు మీద మంచు పడి పెళుసెక్కుతుంది.
ఎర్లింగుర్ అంకెలు లెక్కపెడతాడు,
వల లాగించే రోజుల గొంతుతో.
ఎనిమిది తర్వాత ఆయనకి ఎప్పుడూ తడబాటే,
మళ్లీ అయిదు నుంచి మొదలుపెడతాడు.
అలా అందరం లెక్కకంటే ఎక్కువే చేస్తాం.
మోకాలు ఛాతీకి. వదులు.
నీళ్లు నన్ను ఎత్తుకుంటాయి.
ఎన్నాళ్లయిందో నన్నెవరైనా ఎత్తుకుని.

రెండో వారం మానేశాను.
నొప్పి తొమ్మిది, అదీ నిజం.
మూడోనాడు బోజెనా కారు హారన్ మోగించింది,
వీధిలో కిటికీలన్నీ వెలిగేదాకా,
సిగ్గుతో నేను బూట్లు వేసుకునేదాకా.
ఆమె పరిశోధనలో లేదు, నడుం నొప్పీ లేదు.
ఫ్యాక్టరీలో నా పక్క బల్ల ఆమెది, అంతే.

ఆరో వారమో ఏడో వారమో,
ఫోన్లో మాట్లాడుతూ వంగి చెంచా తీశాను.
తీశానని ఫోన్ పెట్టేశాక తెలిసింది.
బల్ల కింద అంతకుముందువి ఇంకా మూడున్నాయి.
వాటినీ తీశాను. ఒకటి వెండిది,
పోయిందని పనిమనిషిని అనుమానించిన పాపం నాది.

చివరి రోజు మళ్లీ అడిగింది: అంకె?
ఆరు.
ఊల్ఫ్‌హిల్దుర్ మొహం కొంచెం వాడింది.
రెండో పేజీ తిప్పమన్నాను.
నిద్ర, నవ్వు, గుమ్మం దాటిన రోజులు,
అక్కడ గళ్లు చాలక మార్జిన్‌లో రాశాను.
నొప్పి దిగిపోలేదమ్మా, అదే కార్లో ఉంది.
కానీ స్టీరింగ్ నా చేతికొచ్చింది,
అది వెనక సీట్లో కూర్చుని సణుగుతోంది.

సూర్యుడు తిరిగొచ్చే రోజున మేం పాన్‌కేకులు పోసుకుని
కాఫీ తాగుతాం.
ఆరోజే కవర్లొచ్చాయి: ఎవరి సీసాలో ఏముందో.
ఎర్లింగుర్ చించి చూశాడు. ఉత్త నూనె.
"నూనెతోనే ఇంత దూరం నడిచిన ఇంజన్‌ని!" అని
ఇంకో పాన్‌కేకు తీసుకున్నాడు.
నాది పళ్లెం కింద పెట్టాను.
వెన్న మరక కాగితంలోకి ఇంకి
లోపలి అక్షరాలు మెల్లగా పైకి తేలుతుంటే
పళ్లెం ఇంకొంచెం జరిపాను.

అప్పుడొచ్చింది, పోస్టాఫీసు గోడ మీద
చాప వెడల్పు ఎండ.
నాలుగు నిమిషాలుంటుంది, ఎక్కువుండదు.
వెన్ను చూపించడమంటే పారిపోవడమంటారు.
నేను కోటు విప్పి
గోడకేసి తిరిగి
చూపించాను.

వెనక ఎవరినో అడుగుతున్నాడు ఎర్లింగుర్,
ఎనిమిది తర్వాత ఎంత అని.